తొమ్మిది ముక్కలు

సోమవారం, 9

ఇవాళ మీటింగులో "ఏం కాదు సార్" అన్నాను. ఒకసారి కాదు, మూడు సార్లు.

కరెంటాయన వచ్చే ఆదివారం ఒకటో ర్యాక్ ఆపుతాడట. బ్రేకరు వేడెక్కిపోతోందట, మార్చాలట. పది నుంచి పన్నెండు దాకా ఆ ర్యాక్‌లో ఉన్న సర్వర్లన్నీ బంద్. మేనేజరుగారు కళ్ళజోడు తీసి నా వైపు తిరిగారు. "ఐదు ఆసుపత్రుల రికార్డులమ్మా. ఒక ర్యాక్ ఆపితే ఏమీ కాదు కదా?"

"ఏం కాదు సార్. రోగుల రికార్డులన్నీ వెయ్యిన్నీ ఇరవై నాలుగు ముక్కలు చేసి పెట్టాం. ఏ ముక్కకైనా మూడు కాపీలు, ఉన్న మూడు ర్యాకుల్లో ర్యాక్‌కి ఒకటి. ఒక ర్యాక్ పోతే ఇంకా రెండుంటాయి. ఒక్కటి మిగిలినా డాక్టరుకి రికార్డు తెరుచుకుంటుంది."

"అన్నీ మీరే కూర్చుని పంచుతారా మేడమ్?" అన్నాడు కరెంటాయన.

"నేను పంచేదేముంది? రోగి నంబరు చూసి అది ఏ ముక్కలోకి వెళ్ళాలో సిస్టమే లెక్క కడుతుంది. ఆ ముక్కని ఏ మూడు సర్వర్లలో పెట్టాలో కూడా అదే చూసుకుంటుంది. నువ్వు ఫలానా ర్యాక్‌లో ఉన్నావు అని ప్రతి సర్వర్‌కీ మేం రాసిస్తాం. అది చూసి, ఒకే ర్యాక్‌లో రెండు కాపీలు పడకుండా సర్దుతుంది."

చాలా బాగా చెప్పాను. మేనేజరుగారు తృప్తిగా తలూపారు. పన్నెండేళ్ళుగా ఈ పని చేస్తున్నదాన్ని, ఆ మాత్రం చెప్పలేనా!

మెట్లు దిగుతుంటే కరెంటాయన తల గోక్కుంటూ పక్కకి వచ్చాడు. "ఆ కొత్త సర్వర్లు మూడూ ఇంకా ఒకటో దాంట్లోనే ఉన్నాయి మేడమ్. ప్లగ్ పాయింట్లు రాలేదు. నేనూ మర్చేపోయాను."

నవ్వి, పర్వాలేదులే అన్నాను. వీధి చివరికి వచ్చేసరికి ఆ మాటకి అర్థమేంటో తట్టింది.

సోమవారమే, మళ్ళీ

రాసి చూసుకుంటే కంగారు తగ్గుతుందేమో.

నాలుగు నెలల కిందట పదమూడు, పద్నాలుగు, పదిహేను నంబర్ల సర్వర్లు వచ్చాయి. ర్యాక్‌కి ఒకటి చొప్పున పెట్టాలి. నేను ముందే సెట్టింగ్స్ రాసి పెట్టుకున్నాను: పదమూడు ఒకటో ర్యాక్, పద్నాలుగు రెండు, పదిహేను మూడు. తీరా బిగించే రోజున రెండో ర్యాక్‌లోనూ మూడో ర్యాక్‌లోనూ ప్లగ్ పాయింట్లు లేవన్నాడు కరెంటాయన. "ప్రస్తుతానికి మూడూ ఒకటో దాంట్లో పెట్టేస్తా, రెండ్రోజుల్లో జరిపేస్తా" అన్నాడు. సరేనన్నాను. రెండ్రోజుల కోసం మళ్ళీ ఏం మారుస్తాం అని నేను రాసింది అలాగే ఉంచేశాను.

సిస్టమ్ కళ్ళు పెట్టుకుని చూడదు కదా. నేను రాసిచ్చిందే నమ్ముతుంది. ఏ ముక్క కాపీలు సరిగ్గా ఆ మూడింట్లోనే పడ్డాయో, అది మూడు ర్యాకుల్లో భద్రంగా ఉందని అనుకుంటుంది. నిజానికి మూడు కాపీలూ ఒకే ఇనప బీరువాలో పైనా కిందా ఉన్నాయి.

అలాంటివి ఉన్నాయో లేవో. లేకపోవచ్చు కూడా.

మంగళవారం, 10

తొమ్మిది.

వెయ్యిన్నీ ఇరవై నాలుగింటిలో తొమ్మిది. నూటికి ఒకటి కూడా కాదు. పొద్దున్నే జాబితా తీశాను. తీసేటప్పుడు తాపీ నా వెనకే నిలబడి ఉన్నాడు. మా విభాగంలో నేను కాక ఉన్నది అతనొక్కడే. ఏ పనీ తొందరగా చెయ్యడు, చేసింది ఎప్పుడూ తప్పు పోదు. అందుకే ఆ పేరు.

"ఏంటి మేడమ్ ఆ లిస్టు?"

"ఏం లేదు, మామూలు తనిఖీ."

అబద్ధం కాదు. తనిఖీయే.

రికార్డులు పోవు కదా. రెండు గంటలు తెరుచుకోవు, అంతే. ఆదివారం పూట డాక్టర్లు ఎంతమంది ఉంటారు? ఆ తొమ్మిది ముక్కల్లో ఉన్నవాళ్ళలో సరిగ్గా ఆ రెండు గంటల్లో ఆసుపత్రికి వచ్చేవాళ్ళెంతమంది? లెక్క వేశాను. ముగ్గురు. మహా అయితే ఐదుగురు.

మధ్యాహ్నం ఒక పిచ్చి పని చేశాను. పిచ్చేమీ కాదు, నాకు అలవాటే. మా వాళ్ళ రోగి నంబర్లన్నీ ఎప్పుడో లెక్క కట్టి పెట్టుకున్నాను. ఎవరు ఏ ముక్కలో ఉన్నారో నాకు నోటికి వచ్చు. నాది నాలుగు వందల రెండు. బావది ఎనభై ఎనిమిది. అక్కది ఆరు వందల పదకొండు. పరాయి ఊరు వెళ్ళిన పిల్లలు ఏ గదిలో ఉంటున్నారో తెలుసుకున్నట్టు ఉంటుంది నాకు.

ఆరు వందల పదకొండు జాబితాలో ఉంది. ఐదోది.

అక్క ఆదివారం పొద్దున పదింటికి ఆసుపత్రిలో చేరుతోంది. సోమవారం ఆపరేషన్, పిత్తాశయంలో రాళ్ళు. అక్కకి పెన్సిలిన్ పడదు. నాకు ఏడేళ్ళప్పుడు ఒక డాక్టరు అక్కకి ఆ ఇంజెక్షన్ పొడిచాడు. అక్క మొహం నా కళ్ళ ముందే ఉబ్బిపోయి, కళ్ళు మూసుకుపోయి, ఊపిరందక చేతులు కొట్టుకుంది. ఎలాగో దక్కింది. ఆ సంగతి అక్క రికార్డులో మొదటి వరసలో ఎర్ర అక్షరాలతో ఉంటుంది. ఆ ఎర్ర అక్షరాలు ఆదివారం పది నుంచి పన్నెండు దాకా ఎవరికీ కనపడవు.

భయంగా ఉంది.

బుధవారం, 11

సెట్టింగ్స్‌లో రాసిన ర్యాక్ నంబర్లు సరిచెయ్యాలంటే ఆ మూడు సర్వర్లలో ఒక్కొక్కదాన్నీ ఖాళీ చేసి మళ్ళీ నింపాలి. అంత వ్యవధి లేదు. ముక్కని మాత్రం చేత్తో జరపొచ్చు. ఒక కాపీని రెండో ర్యాక్‌లో ఉన్న ఆరో నంబరు సర్వర్‌కి పంపిస్తే చాలు. ఒక్కో ముక్కకి సుమారు మూడు గంటలు. తొమ్మిది ముక్కలకి ఇరవై ఏడు గంటలు. శనివారం లోపల అయిపోతుంది. ఎవరికీ చెప్పే అవసరమే ఉండదు.

పొద్దున్నే మొదలుపెట్టాను. ఆరు వందల పదకొండుతో మొదలుపెట్టాను. జాబితా మధ్యలో ఉంది కదా, మధ్యలోంచి మొదలుపెడితే పని ఎలా నడుస్తోందో తెలుస్తుందని.

పన్నెండున్నరకి అది చేరింది. నెత్తి మీది బరువు దిగినట్టు అనిపించి కుర్చీలో వెనక్కి వాలాను. రెండోది మొదలుపెట్టానో లేదో మేనేజరుగారు గదిలోంచి బయటికి వచ్చారు. పిల్లల ఆసుపత్రి నుంచి ఫోనట. పొద్దుటి నుంచి స్క్రీన్లు నత్తనడక నడుస్తున్నాయని డాక్టర్లు ఒంటికాలి మీద లేస్తున్నారట.

"మీరేమైనా జరుపుతున్నారా అమ్మా?"

"చిన్న సర్దుబాటు సార్."

"ఆదివారం అయ్యేదాకా ఏదీ ముట్టుకోకండి. అసలే కరెంటు పని. రెండూ కలిసి నా నెత్తి మీదికి వస్తాయి."

అక్కడే చెప్పాల్సింది. నోటి దాకా వచ్చింది. తాపీ ఉన్నాడు, ఆఫీసు గుమస్తా ఉంది, అందరూ చూస్తున్నారు. "సరే సార్" అన్నాను. రెండోది ఆపేశాను.

ఎనిమిది మిగిలాయి. ఎనిమిదింటిలో మనుషులు మూడు వేల నూట పన్నెండు మంది.

గురువారం, 12

చెప్పలేదు. రేపు చెప్తాను.

హాయిగా నిద్ర పట్టింది. అది రాయకూడదనుకున్నాను, రాశాను.

శుక్రవారం, 13

అక్క వాళ్ళది కింది వాటా, నాది పైన. సాయంత్రం భోజనానికి కిందికి పిలిచింది. బట్టల సంచీ అప్పుడే సర్దేసుకుంది. టవళ్ళు, దువ్వెన, చెప్పులు, సగం కుట్టిన కర్టెన్ ఒకటి.

"ఆసుపత్రిలో కుట్టుపని ఏంటక్కా?"

"కడుపుకి కోత గానీ చేతులకి కాదుగా. కుట్టమని ఇచ్చినవాళ్ళు గురువారానికి అడిగారు, ఇవ్వొద్దూ?"

బావ సంచీలోంచి కర్టెన్ తీస్తాడు, అక్క మళ్ళీ పెడుతుంది. నాలుగు సార్లు అయింది. ఐదోసారి బావ నా వంక చూసి, "మరదలా, మీ అక్కని ఆ సిస్టమ్‌లో ఇంకో మూడు కాపీలు తీసి పెట్టకు. ఒక్కదానితోనే నా వల్ల కావడం లేదు" అన్నాడు. నవ్వాను. నా నవ్వు నాకే వినపడింది.

అన్నం కలుపుతూ అక్క మామూలుగా అడిగింది. "నా ఇంజెక్షన్ సంగతి కంప్యూటర్లో ఉంది కదే? నాకు మత్తిచ్చాక నేను చెప్పలేను కదా."

"ఉందక్కా. భద్రంగా ఉంది."

నిజమే. బుధవారం మధ్యాహ్నం నుంచి నిజం.

"నీ చెల్లెలుండగా నీకేం దిగులు!" అన్నాడు బావ.

మేనేజరుగారికి ఇవాళ కూడా చెప్పలేదు. ఆయన ఇవాళ సగం రోజే ఉన్నారు. చెప్పాలంటే ఆ సగం రోజు చాలు, నాకు తెలుసు.

శనివారం, 14

ఉత్తరం రాశాను. "గౌరవనీయులైన మేనేజరుగారికి, ఒకటో ర్యాక్ విషయంలో నేను సోమవారం ఇచ్చిన సమాచారంలో చిన్న పొరపాటు" అని మొదలైంది. చిన్న అన్న మాట కొట్టేశాను. మళ్ళీ పెట్టాను. పంపలేదు.

కరెంటాయన దగ్గరికి వెళ్ళి, వచ్చే ఆదివారానికి జరపకూడదా అని అడిగాను. నన్ను తీసుకెళ్ళి బ్రేకరు పెట్టె తెరిచి చూపించాడు. దగ్గరికి చెయ్యి పెడితే పొయ్యి దగ్గర పెట్టినట్టు ఉంది. "రేపు నేను ఆపకపోతే ఎల్లుండి అదే ఆగుద్ది మేడమ్. అప్పుడు సర్వర్లు కూడా తగలబడొచ్చు. ఏం, మీకేమైనా ఇబ్బందా?"

"నాకేం ఇబ్బంది? ఊరికే అడిగాను."

ఇప్పుడు చెప్పి మాత్రం ఏం లాభం, ఆపడానికి లేదు కదా అనుకున్నాను. ఆ మాట పట్టుకుని ఇంటికి వచ్చేశాను. మనిషికి ఏదో ఒకటి పట్టుకోవడానికి దొరుకుతుంది.

అక్కది భద్రంగానే ఉంది. ఇంకోసారి చూసుకున్నాను.

ఆదివారం, 15

అక్కని బావ ఒక్కడే తీసుకెళ్ళి చేర్పించాడు. నేను పది కాకముందే నా కుర్చీలో ఉన్నాను.

పదింటికి ఒకటో ర్యాక్ ఆరింది. తెర మీద ఆ వరస అంతా ఎర్రబడింది. పది నిమిషాలు ఏమీ లేదు. ఇరవై నిమిషాలు ఏమీ లేదు. తాపీ టీ తెచ్చాడు. చూశావా, అని నాకు నేనే చెప్పుకున్నాను.

పదీ ఇరవై ఐదుకి ఫోను. పెద్దాసుపత్రి అత్యవసర విభాగం నర్సు.

"ఒక రికార్డు తెరుచుకోవట్లేదండీ. బస్సు మెట్ల మీంచి పడ్డాడు, తలకి దెబ్బ. స్పృహ లేదు. జేబులో కార్డుంటే నంబరు దొరికింది. ఏం మందులు వాడుతున్నాడో, ఏది పడదో చూడాలి. తొందరగా!"

నంబరు చెప్పింది. లెక్క కట్టాను. రెండు వందల మూడు. ఎనిమిదింటిలో ఒకటి.

"కరెంటు పని జరుగుతోందండీ" అన్నాను.

"మిగతా వాళ్ళవన్నీ వస్తున్నాయి కదా, ఈయనదే ఎందుకు రావట్లేదు?"

 ఫోను అలాగే పట్టుకుని పరిగెత్తి కిటికీలోంచి కరెంటాయన్ని కేకేశాను. "ఇప్పుడే వెయ్యగలవా?"

"తీగలన్నీ విప్పి ఉన్నాయి మేడమ్! గంటకి పైనే పడుద్ది!"

నర్సుకి ఆ మాటే చెప్పాను. ఆవిడ ఏదో అనబోయి, "ఆగండాగండి, వాళ్ళావిడ వచ్చింది" అని ఫోను బల్ల మీద పెట్టేసింది. నాకు అంతా వినపడుతూనే ఉంది. ఏడుస్తున్న గొంతు ఒకటి, ఏడుస్తూనే గడగడా చెప్పుకుపోతోంది. పొద్దున తెల్ల బిళ్ళ, రాత్రి అందులో సగం. రక్తం పలచబడే మందు మూడేళ్ళుగా, నిన్న కూడా వేసుకున్నాడు. ఫలానా ఇంజెక్షన్ ఇస్తే ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయి, అప్పుడు ఫలానా డాక్టరుగారు చూశారు. ఎక్కడా తడుముకోలేదు.

నర్సు మళ్ళీ ఫోను తీసింది. "రక్తం పలచబడే మందు వాడుతున్నాడట. ఆ ముక్క తెలియకపోతే ఏమయ్యేదో! ఆవిడకి అన్నీ నోటికి వచ్చు. ఉంటానండీ."

ఫోను పెట్టేశాక కూడా చెవి దగ్గరే పట్టుకుని కూర్చున్నాను.

పన్నెండు లోపల ఇంకో నాలుగు ఫోన్లు. ఒక కాలు విరిగినావిడ, ఒక జ్వరం, ఒక పురుడు, ఒకరు రికార్డు కాగితం కావాలని వచ్చినవాళ్ళు. అందరికీ ఒకటే చెప్పాను. కరెంటు పని.

పన్నెండుకి పది నిమిషాలుండగా ర్యాక్ వచ్చింది. మేనేజరుగారు ఇంటి నుంచి ఫోను చేసి "భేష్ అమ్మా, గడియారం పెట్టినట్టు అయింది" అన్నారు. తాపీ నివేదిక టైపు చేసి తెచ్చాడు. ఇబ్బందులు: ఐదు ఫోన్లు. కారణం: కరెంటు పని. కింద నా సంతకానికి గీత.

"రేపు పెడతాను" అన్నాను.

నా మీద నాకే అసహ్యంగా ఉంది. ఆ మనిషిని ఆయన భార్య కాపాడుకుంది. నేను పన్నెండేళ్ళుగా చేస్తున్న పని ఆవిడ ఏడుస్తూ, నిలబడి చేసింది.

సోమవారం, 16

ఆపరేషన్ బాగా జరిగింది. రాళ్ళు చిన్న సీసాలో వేసి ఇచ్చారు. బావ వాటిని వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నాడు.

సాయంత్రం బావ మందులకి వెళ్ళాక అక్క పక్కన నేనొక్కదాన్నే ఉన్నాను. మొహం పాలిపోయి ఉంది, మాట మాత్రం తగ్గలేదు. "డాక్టరు లోపలికి రాగానే నా ఇంజెక్షన్ సంగతి తనే చెప్పాడే. ఎర్రగా కనపడిందట. నీ పుణ్యమే."

అప్పుడు చెప్పేశాను. మొత్తం. మూడు సర్వర్లు, తొమ్మిది ముక్కలు, నా "ఏం కాదు సార్", బస్సు మెట్ల మీంచి పడ్డాయన. చివర్న, "నీది ముందు జరిపానక్కా" అన్నాను.

ఏమంటుందనుకున్నానో నాకే తెలియదు. చెయ్యి నిమురుతుందనుకున్నానేమో. పోనీలే, కంగారులో చేశావు అంటుందనుకున్నానేమో.

"మిగతావాళ్ళవి?" అంది.

"మేనేజరుగారు ఆపమన్నారు."

"ఎందుకు జరుపుతున్నావో ఆయనకి తెలుసా?"

"తెలీదు."

"అయితే ఆయన ఆపాడా, నువ్వాపావా?"

 అక్క పక్క మంచం వైపు తల తిప్పింది. అక్కడ అరవై దాటినావిడ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఆవిడకి రేపు ఆపరేషన్.

"ఏమండీ, మెలకువగానే ఉన్నారా? మా చెల్లెలు మీకో మాట చెప్పాలి."

"అక్కా!"

"చెప్పవే. నాకు చెప్పావు కదా. నాకు చెప్పడం తేలిక."

మంచానికీ మంచానికీ మధ్య మూడు అడుగులుంటాయి. ఆ మూడడుగులూ వేసి ఆవిడ ముందు నిలబడ్డాను. మీ రికార్డులు చూసుకునేదాన్ని నేనే అని మొదలుపెట్టాను.  ఆవిడ మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా విని, మణికట్టుకి కట్టిన పట్టీ నా ముందుకి చాపింది.

"నాది ఉందేమో చూడమ్మా."

ఫోనులో లెక్క కట్టాను. రెండు సార్లు తప్పు కొట్టాను. ఏడు వందల తొంభై.

"లేదండీ. మీది బాగానే ఉంది."

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. కోప్పడనూ లేదు. నా మొహంలోకి చూస్తూ, "అయితే ఎవరిది ఉందమ్మా?" అంది.

మంగళవారం, 17

తాపీ టైపు చేసిన నివేదిక మీద సంతకం పెట్టలేదు. నేను రాసిన రెండు పేజీలు, మూడు వేల నూట పన్నెండు నంబర్ల జాబితా మేనేజరుగారి బల్ల మీద పెట్టి ఎదురుగా నిలబడ్డాను. కూర్చోమన్నారు, కూర్చోలేదు.

ఆయన రెండుసార్లు చదివారు. అరుస్తారనుకున్నాను. అరవలేదు, గొంతు తగ్గించారు.

"బుధవారం చెప్పి ఉంటే ఈ మూడు వేల రికార్డులూ ప్రింటు తీయించి ఐదు ఆసుపత్రులకీ పంపించేవాళ్ళం కదమ్మా. ఒక్క రోజు పని."

నాకు ఆ ఆలోచనే రాలేదు. ఆరు రోజులు జరపడం గురించీ దాచడం గురించీ ఆలోచించాను. ఉత్త కాగితం గుర్తు రాలేదు. ఆయన అలా అనేసరికి కళ్ళ నీళ్ళు ఆగలేదు.

"మీ అక్కగారిది ముందు జరిపిన సంగతి కూడా రాశారే. దీన్నెలా పైకి పంపను?"

"అలాగే పంపండి సార్."

విచారణ తేలేదాకా సర్వర్లను నేను ముట్టుకోకూడదు. తాళాలు, పాస్‌వర్డులు అన్నీ తాపీకి అప్పగించాను. ఆ ఎనిమిది ముక్కలూ ఇంకా ఒకటో ర్యాక్‌లోనే ఉన్నాయి. ఇవాళే జరపమన్నారు. ఆసుపత్రులకి ముందుగా చెప్పారు, స్క్రీన్లు మెల్లగా నడుస్తాయని. డాక్టర్లు సరేనన్నారట. అంతే. ఎవరూ ఒంటికాలి మీద లేవలేదట.

తాపీ నా కుర్చీలో కూర్చోవడానికి మొహమాటపడి, పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఎనిమిది నంబర్లూ తెర మీద పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"మేడమ్, ఇందులో ఏది ముందు జరపమంటారు?"

"ఏదైనా జరుపు. నన్ను మాత్రం అడగకు" అన్నాను.